లోతెంతండీ

తెల్లారగట్ట నాలుగింటికి
కాళ్ళకూరు దాటాక మూడో చెరువు గట్టు మీద
థర్మామీటరు నైలాను తాడుకి కట్టి దించుతాను.
ఇరవై ఎనిమిదిన్నర.
తడి చేత్తో పుస్తకంలో రాస్తే
ఉప్పునీటికి ఇంకు చెదిరి
ఎనిమిది మూడైపోతుంది.

పక్కనే, ఏరేటరు స్టార్టరు పెట్టె మీద
నా ల్యాప్‌టాప్‌లో ఇంకో లోకం తిరుగుతూ ఉంటుంది.
దానికి పేరు లేదు, ఒక నంబరూ, చివర ఒక అక్షరమూ.
అక్కడ ఒడ్డున నిలబడి తాడు దించేవాళ్ళు లేరు.
తెలిసిందల్లా దాని దారి.
తన పొద్దు మీదుగా ఈగ నడిచినట్టు అది దాటినప్పుడు
వెలుగు ఎంత తగ్గిందో, మళ్ళీ ఎన్నాళ్ళకి తగ్గిందో.
నూట యాభై నాలుగు రోజులు దానికి ఏడాది.
మాకు ఒక రొయ్యల పంటా,
ఆపైన చెరువు ఎండగట్టి సున్నం చల్లే నెలా.

దారి తెలిస్తే దూరం తెలుస్తుంది,
దూరం తెలిస్తే ఎంత ఎండ పడుతుందో.
పడిన ఎండలో ఎంత తిప్పికొడుతుందో మాత్రం
ఊహించి వేసుకోవాలి.
సున్నం చల్లిన చెరువు అడుగు కంటే తక్కువ,
పాచి పట్టిన నీటి కంటే ఎక్కువ,
రెంటికీ మధ్య నా ఇష్టం.

మూడు రాత్రులు అది గడ్డకట్టే ఉంది.
ఏడాది పొడుగునా సున్నాకి ముప్పై కింద,
ఊకలో పాతిన ఐసు దిమ్మలా.
దాని మీద జాలి కూడా పడ్డాను.

నాలుగో రాత్రి కనపడింది.
దారి ఎంత సాగి ఉందో చెప్పే అంకె
సున్నా పాయింటు ఆరు.
నేను కొట్టింది సున్నా పాయింటు సున్నా ఆరు.
కోడిగుడ్డులా సాగిన దారిని
బూరెలా గుండ్రంగా చేసేశాను.

ఒక్క సున్నా.
దాంతో ఒక సముద్రాన్ని, ఉంటే గింటే,
మూడు రాత్రులు రాయి చేసి ఉంచాను.
ఎవరూ ఫోను చేసి తిట్టలేదు.

పోయిన శ్రావణంలో, మొగల్తూరు వైపు,
నీళ్ళలో ప్రాణవాయువు రెండు పాయింటు నాలుగైతే
నాలుగు పాయింటు రెండని రాశాను.
ఫ్యాన్లు ఆపి పడుకున్నారు.
పొద్దున గట్టు వెంట తెల్లబారి తేలిన రొయ్యల్ని
బుట్టలకెత్తుతూ పెద్దిరాజుగారు నన్నొక్క మాట అనలేదు.
ఆ అనని మాటని
ఇప్పటికీ శాంపిలు సీసాలతో పాటు మోస్తున్నాను.

సున్నా తీసేసి మళ్ళీ నడిపాను.
దగ్గరి మలుపులో నూట ఆరు డిగ్రీలు.
దూరపు కొసలో సున్నాకి ఎనభై మూడు కింద.

కావలి ఏసోబు బీడీ ఆర్పి తెర మీదకి వంగాడు.
"ఉడికిపోద్దేంటండీ అది?"
"పొద్దు దగ్గరికొచ్చినప్పుడు."
"ఎన్నాళ్ళుంటాది దగ్గర?"
"కొద్ది రోజులే."
కాసేపు ఉప్పుటేరు వైపు చూశాడు.
"లోతెంతండీ?"

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కాదు,
మూడు దాటాక వేడెక్కుతుంది మా చెరువు.
పొద్దు వాలినా ఆ వేడి అడుగున దాచుకుని
తెల్లారగట్ట, మనసొప్పక, వదులుతుంది.
ఇది నేను చదువుకున్నదే,
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.
అయినా నా లోకానికి అడుగు పెట్టలేదు.
ఎండ తగలగానే కాగి, నీడ పడగానే చల్లారే
వట్టి రేకు అది.

మూడడుగుల నీళ్ళు పోశాను. మరిగింది.
యాభై మీటర్లు పోస్తే
కాగేలోపే మలుపు దాటిపోయింది,
మంచు కరిగీ కరగక,
వేడి వారం ఆలస్యంగా వచ్చింది.
ఏది నిజమో దుర్భిణి చెప్పదు.
చివరికి రాశాను: అటూ ఇటూ నలభై.

చదివి వినిపిస్తే ఏసోబు దగ్గొచ్చేలా నవ్వాడు.
"నలభై అటూ ఇటూ అంటే,
ఉడికిందో గడ్డకట్టిందో తెలీదనే గదండీ!"

అవును, ఏసోబూ. అదే రాశాను.
అంత కచ్చితంగా తెలీదని రాయడానికి
నాకు నాలుగు రాత్రులు పట్టింది.

అతను లుంగీ మడిచి, గట్టు దిగి,
మణికట్టు దాకా నీళ్ళలో చెయ్యి ఉంచి
"ఇరవై ఎనిమిది" అన్నాడు.
నా పుస్తకంలో ఇరవై ఎనిమిదిన్నర.

ఆ అర డిగ్రీ కోసం
ఇద్దరం ఇంకోసారి తాడు దించాం.