కనడం

ఎగ్మూరు కంటాసుపత్రి వెనక సందులో
జిరాక్సు షాపు పైన, మేడమీద గది నాది.
కళ్ళు చేస్తాను.
చూసేవి కావు. చూస్తున్నట్టుండేవి.

ముందు పాప. ఒక నల్లచుక్క.
దాని చుట్టూ మూడు వెంట్రుకల కుంచెతో
గోధుమరంగు, తేనెరంగు, కాస్త బూడిద
లోపల్నించి బయటికి గీతలు, ఊపిరి బిగబట్టి.
తెల్లగుడ్డు మీద ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి
నరాలుగా అతికిస్తాను.
నిద్రలేనివాళ్ళకి రెండు పోగులు ఎక్కువ.
ఇరవై రెండేళ్ళ పనిలో నేర్చుకున్నదొకటే:
మరీ తెల్లటి కన్ను అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది.

నూకరత్నం కాసిమేడు నుంచి వచ్చింది.
ఆమె కంటే ముందు ఎండుచేపల వాసన మెట్లెక్కింది.
కుడికన్ను గాలం కొక్కేనికి పోయిందట.
"చేపకి పడాల్సింది నాకు పడిందమ్మా" అని నవ్వింది.
తమిళం మధ్యలో తెలుగు, తెలుగు మధ్యలో తమిళం,
మా ఇద్దరిదీ ఒకటే భాష.

కొలత కోసం గుంటలో పోసిన ముద్ద గట్టిపడేదాకా
కదలొద్దన్నాను. కదలకుండానే చెప్పింది:
"రాత్రిళ్ళు ఈ గుంటలోకి సముద్రం వస్తాది.
రోజూ నేను చూసేది కాదు. దీనికి ఒడ్డు లేదు.
మా ఆయన బోటు ఉంటాది, ఆయన ఉండడు.
ఎప్పుడూ తూకం వెయ్యని చేపలు దగ్గరికొచ్చి
మాకో పేరు పెట్టు అంటాయి."

తెగిన నరం ఇంకా కబుర్లు పంపుతుంటుందని
డాక్టర్లంటారు. అదే చెప్పాను.
ఆత్మ గురించి నాకు తెలిసిందల్లా
మా మేనత్త పోయినప్పుడు పురోహితుడు
ఇంకో ఇంటికి ఆలస్యమవుతోందని గబగబా చెప్పినంతే.
రంగు చెప్పలేదు, కొలత చెప్పలేదు.
కొలత లేనిదాన్ని నమ్మడం నా చేతులకి కష్టం.

వారానికి కన్ను పెట్టాను.
అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని
"పెళ్ళికెళ్ళొచ్చిన కన్నులా ఉందే!" అంది.

మూడు నెలలకి మళ్ళీ వచ్చింది.
కొంగుముడిలోంచి కన్ను తీసి నా అరచేతిలో పెట్టింది.
వెచ్చగా ఉంది.
"బాగోలేదని కాదు. పెట్టుకుంటే సముద్రం రావట్లేదు.
చీకటి ఉత్త చీకటిగా ఉంటాది,
గుమ్మంలో ఎవరో అడ్డంగా కూర్చున్నట్టు."

పగలు పెట్టుకో, రాత్రి తీసి గ్లాసునీళ్ళలో వెయ్యి, అన్నాను.
ఓస్ అంతేనా, అని దిగి వెళ్ళిపోయింది.
నాకే అంతే కాలేదు.

మన మాటలో చూడటమూ కనడమే,
పురుడు పోసుకోవడమూ కనడమే,
కలకీ అదే మాట.
కంటి నల్లచుక్కకి పాప అని పేరు పెట్టినవాళ్ళకి
ఏదో తెలిసే ఉంటుంది.
ఎన్ని వందల పాపల్ని వేశానో,
ఒక్కదాన్నీ కనలేదు.

మరి ఆ గుంటలో కంటున్నదెవరు?
నరమా? నూకరత్నమా?
అద్దె కట్టకుండా ఆమెలో కాపురముంటూ
కిటికీ మూస్తే అలిగే ఇంకెవరో ఒకరా?
ఊహ ఆత్మ కడుపున పుట్టిందో,
ఆత్మే ఊహ కడుపున పుట్టిందో,
మంత్రసానిని కాను, నాకు తెలియదు.
ఆ పురుటిగది తలుపుకి
అందమైన గడియ చేసిచ్చినదాన్ని మాత్రం నేనే.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది.
కింద మెషీను సగం కాగితం మింగి ఆగిపోయింది.
ట్రేలో పదకొండు కళ్ళు ఆరుతున్నాయి, ఎటో చూస్తూ.
కుడికంటిని అరచేత్తో మూసుకుని కూర్చున్నాను.
మొదట చెమట. తర్వాత బల్బు వదిలిన పచ్చటి మరక.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడంలోంచి
కొంచెం ఉప్పు వాసన.
మెట్ల మీదనుంచో, ఇంకెక్కణ్ణించో.

కరెంటు వచ్చింది.
చెయ్యి తియ్యలేదు.