ఏ పద్దు కింద

మొదట్లో అడిగేవాణ్ణి, ఏ పద్దు కింద రాయమంటారని.
ఆడిటరు కామేశంగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
"రొయ్యకి వెన్నెముకుందా అబ్బులూ?" అనేవారు.
లేదండి అనేవాణ్ణి.
"మరి దాని మీద బతికేవాళ్ళకెందుకయ్యా?"

పాలకొల్లు నుంచి నరసాపురం పోయే రోడ్డులో
మా కంపెనీ గేటు దగ్గర బస్సు బస్సంతా ముక్కు మూసుకుంటుంది.
లోపల నేను ఇరవై రెండేళ్ళుగా
ఇనప ఊచకి వోచర్లు గుచ్చుతున్నాను.

ఎర్రనీళ్ళు దిగి మొదటి పులస వలకి తగిలితే
అది సంతకి రాదు.
ఐసు పెట్టెలో పడుకుని కారెక్కుతుంది.
ఒకటి మంత్రిగారింటికి,
ఒకటి ఆయన బావమరిదికి, మేత ఫ్యాక్టరీ ఆయనదే,
ఒకటి అప్పులిచ్చే బ్యాంకు పెద్దాయనకి, తల తియ్యకుండా.
నేను రాశాను: సిబ్బంది సంక్షేమం.

మా రామభద్రిరాజుగారి అబ్బాయికీ మంత్రిగారమ్మాయికీ పెళ్ళయిన రోజు
టెండరు వేసినవారూ, టెండరు తెరిచినవారూ
ఒకే బంతిలో కూచున్నారు.
ఎవరి ఉప్పు ఎవరు తిన్నారో తేలని భోజనం.
చదివింపుల పుస్తకం నా చేతిలో పెట్టారు.
ఒక్కరూ నగదు చదివించలేదు.
సిల్కు చొక్కా ఆయనొకడు వంగి
నా చెవిలో సర్వే నంబరు చెప్పి
తాంబూలం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ నంబరు నాకు తెలుసు.
మా మేనత్త పొలానికి గట్టు అవతలిది.
ఆ ఏడాది దాళ్వాకి శివారుకి నీళ్ళు రాలేదు,
లాకుల దగ్గర ఏదో మరమ్మతన్నారు.
మరుసటేడు అక్కడ చెరువులు తవ్వారు.
ఉప్పు ఊటెక్కి అత్త చేను తెల్లగా, ముగ్గేసినట్టు.
తవ్వకం బిల్లు మీద కూడా నా పొట్టి సంతకమే.

పోయిన మంగళవారం రిజిస్టర్డ్ కవరు వచ్చింది.
"శ్రీ కడలి అప్పలనరసింహమూర్తి గారు, డైరెక్టర్."
బడి హాజరు పట్టీలో తప్ప ఎవరూ పిలవని పేరు.
పార్టీ నిధికి తమరిచ్చిన
నాలుగు కోట్ల పాతిక లక్షల విరాళానికి కృతజ్ఞతలట.
రిజిస్టర్డ్ ఆఫీసు మా ఇంటి నంబరే.
వానొస్తే మూడు గిన్నెలు పెట్టే వసారా.

అప్పుడు గుర్తొచ్చింది.
అయిదేళ్ళ కిందట, పీఎఫ్ కోసమని
ఆధార్ నకలూ రెండు ఫోటోలూ అడిగారు.
పెన్సిలుతో ఇంటూ కొట్టిన చోటల్లా పెట్టేశాను,
లెక్క పెట్టలేదు, అన్నానికి ఆలస్యమవుతోందని.

మంగతాయారు ఆ కాగితం రెండువైపులా చూసింది.
"నాలుగు కోట్లిచ్చారా?
మరి మొన్న గ్యాసు బండకి
పోపులడబ్బాలో చెయ్యెందుకు పెట్టారండీ?"
నవ్విందనే అనుకున్నాను.

కామేశంగారి దగ్గరికి పరిగెత్తాను.
ఆయన లేచి నిలబడి కుర్చీ లాగారు.
"కూచోండి అబ్బులుగారూ" అన్నారు.
ఇరవై రెండేళ్ళలో ఏ తిట్టుకీ పట్టని చెమట
ఆ 'గారు' దగ్గర పట్టింది.
ఏం అడుగుదామని వెళ్ళానో అడగలేదు.
కాఫీ తాగి వచ్చేశాను.

నిన్న సందెవేళ కారు మా సందులోకి పట్టక
డ్రైవరు పెట్టె భుజానేసుకుని నడిచొచ్చాడు.
రెండు కేజీలకి పైనే, సొనతో ఉంది.
పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకొచ్చారు.
మంగతాయారు చాలాసేపు దాన్నే చూస్తూ నుంచుంది.
ఆనక కత్తిపీట వాల్చింది.
బెండకాయలు వేసింది, కుంపటి మీద సన్నని సెగన
రాత్రంతా మరిగింది పులుసు.
బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

పొద్దున్నే నా బల్ల మీద కొత్త వోచరు.
ఒక పులస. అందుకున్నవారి గడిలో నా పూర్తి పేరు,
పెన్సిలుతో చిన్న ఇంటూ.
పద్దు గడి ఖాళీగా వదిలారు, నాకు తెలుసునని.

సబ్బుతో రెండుసార్లు కడిగిన వేళ్ళతో
కలం మూత తీశాను.
నీచు పోలేదు.