రిపోర్టు నార్మల్

మా మరిది కొడుకు మోటారుబండి కొనుక్కుని
గోడకి ఆనించి వదిలేసిన గేర్ల సైకిలు ఇది.
లావు టైర్లు, ముందు స్ప్రింగులు,
ఫ్రేము మీద పంజా విప్పిన పులి బొమ్మ.
కొండలెక్కే సైకిలట.
నేనెక్కేది కృష్ణలంక కట్ట ఒక్కటే,
భుజాన ఐసు డబ్బా, అందులో ఊరి నెత్తురు,
పరగడుపు నెత్తురు, తిన్న తర్వాతి నెత్తురు,
పేరూ వయసూ అంటించిన చిన్న చిన్న గొట్టాల్లో.

మొదట్లో పులే.
ఈ ఎండాకాలం నుంచీ ఎందుకో
చక్రాలు తారు మీద కాదు, తడిపిండిలో తిరుగుతున్నట్టు.
బందరు రోడ్డు చదునే కదా,
ఎవరో వెనక సీటు పట్టుకుని
"ఆగు, ఒక్క మాట" అంటున్నట్టు.
పాల ప్యాకెట్ల ముసలాయన
డొక్కు సైకిలు మీద నన్ను దాటి
వెనక్కి కూడా చూడకుండా పోయాడు.

నలభై రెండు దాటాక ఇంతేనేమో అనుకున్నాను.
రోజూ థైరాయిడ్ల మధ్య తిరిగేదాన్ని,
అనుమానం రావడానికి ఎంతసేపు.
ఒక మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేనప్పుడు
రబ్బరు పట్టీని పళ్ళతో బిగించి
నా నరం నేనే వెతుక్కున్నాను.
హిమోగ్లోబిన్ పన్నెండున్నర.
థైరాయిడ్ నార్మల్. షుగర్ నార్మల్.
రిపోర్టు మడిచి డబ్బా మూత కింద దోపి
మళ్ళీ అదే పిండిలో తొక్కుకుంటూ ఇంటికి.

వించిపేటలో కరీముల్లా
నన్ను ఏమీ అడగలేదు.
సైకిల్ని తలకిందులు చేసి
వెనక చక్రాన్ని అరచేత్తో ఒక్క తోపు తోశాడు.
ఒకటి. రెండు. రెండున్నర.
ఆగింది.
"విన్నావా?" అన్నాడు.
విన్నాను. స్, స్, స్,
చీర కుచ్చిళ్ళు గుమ్మానికి రాసుకున్నట్టు.
రిమ్ము రవ్వంత వంగింది,
తిరిగిన ప్రతిసారీ బ్రేకు రబ్బరుని ఒరుసుకుంటోంది.
"ఎన్నాళ్ళ నుంచి తొక్కుతున్నావమ్మా,
బ్రేకు పట్టుకునే?"

ఊచ ఊచకీ తాళం పెట్టి తిప్పాడు,
పంటి డాక్టరులా, ఒక కన్ను మూసి.
బొటనవేలితో టైరు నొక్కితే
మిగల పండిన బంగినపల్లిలా లోపలికి పోయింది.
గాలి ఎప్పుడు కొట్టించావంటే
దసరా ముందు అన్నాను. నవ్వాడు.
"ఇంకా ఉంది. ఈ గుబ్బలున్నాయి చూడు,
ఇవి రాళ్ళని పట్టుకోడానికి.
తారు మీద ఒక్కో గుబ్బా నలిగి లేస్తది, నలిగి లేస్తది.
జుమ్మని మోత వస్తదే,
అది నువ్వు పొద్దున తిన్న ఇడ్లీ."
నేను తినేది పదింటికి అన్నాను.
"మరైతే రాత్రి అన్నం."

నున్న టైర్లు జత పదమూడు వందలు.
గ్యాసు బండ అయిపోవచ్చింది, పాప బస్సు ఫీజు.
పులి బొమ్మ వైపు చూశాను.
వెనకది ఒక్కటి మార్చెయ్, ముందుది జీతాలకి.

తెల్లారి అయిదున్నరకి బ్యారేజీ.
పదో గేటు దగ్గర భయమేసింది,
తొక్కడం ఆపినా పోతూనే ఉంది.
కాళ్ళకి ఏం చెయ్యాలో తెలియలేదు.
ముందు చక్రం మాత్రం ఇంకా
కొండల గురించే గొణుగుతోంది.
ముప్పయ్యో గేటు నుంచి ఎదురుగాలి.
దానికి కరీముల్లా దగ్గర కూడా స్పానరు లేదు.

సీతానగరంలో వీరరాఘవయ్య మాస్టారు
పరగడుపున అరుగు మీదే ఉన్నారు.
"ఏంటమ్మా, ఇవాళ ఆయాసం లేదు?"
అంటూ చెయ్యి చాపారు.
పిడికిలి బిగించండి అన్నాను.
సూది దిగింది, గొట్టంలో ఎరుపు ఎక్కుతోంది,
ఆయన ఇంకా బిగించే ఉన్నారు.
వదలండి మాస్టారూ,
ఇక వదిలెయ్యొచ్చు.