కొట్టేసిన గడి

గ్రిమ్స్‌బీ లైబ్రరీ పై అంతస్తులో
మైక్రోఫిల్మ్ చక్రం తిప్పుతూ కూర్చున్నాను.
మార్చి నెల. కిటికీ సందులోంచి
చేపల్ని పొగబెట్టే వాసన.

ఫ్రీమన్ స్ట్రీట్‌లో యాభై పెన్నీలకు కొన్న నవల,
అట్ట మీద హెచ్. మార్‌ఫ్లీట్ అని ఉంది.
మగవాడనుకున్నాను, నలభయ్యో పేజీ దాకా.
బిడ్డని మట్టిలో పెట్టొచ్చిన రాత్రి
పాలు చేపుకొచ్చి తడిసిన గౌను గురించి
అక్కడ ఒకే ఒక్క వాక్యం.
మగవాడు రాయడు. రాసినా
ఆ గౌను ఎవరి కంటా పడకుండా
ఎక్కడ ఆరేసిందో చెప్పడు.

1881 జనాభా లెక్కల్లో దొరికింది:
హెస్టర్ మార్‌ఫ్లీట్, పదకొండేళ్లు,
వలలు అల్లేవాడి రెండో కూతురు.
1891లో లేదు.
ఇంటిపేరు మారిన ఆడదాన్ని వెతకడమంటే
తుడిచేసిన పలక ఏటవాలుగా పట్టుకుని చదవడం.
మూడు శనివారాలు పట్టింది.

పెళ్లి రిజిస్టర్. వరుడు ఏమోస్ స్క్రిమ్‌షా,
చేపల పడవ మీద వంటవాడు,
సంతకం చోట ఇంటూ గుర్తు.
పక్కనే ఆమెది, తోక సాగదీసిన హెచ్‌తో
నిండు సంతకం.

1901కి ఇరవై ఎనిమిదేళ్లట!
ఇరవయ్యేళ్లలో పదిహేడే పెరిగింది.
పైకే నవ్వేశాను. మా పెద్దమ్మా అంతే,
రేషన్ కార్డు మారినప్పుడల్లా చిన్నదయ్యేది.
డోరీన్ తన బల్ల దగ్గర్నించి
కళ్లజోడు మీదుగా చూసింది.

1911లో మొగుడు సముద్రం మీదున్నాడు,
కాగితం తనే నింపింది.
పుట్టినవాళ్లు ఐదుగురు.
ఉన్నవాళ్లు ఇద్దరు.
పోయినవాళ్లు ముగ్గురు.
తీసివేతలో తప్పు లేదు.
వృత్తి అన్న గడిలో
అదే తోక సాగిన చేతిరాత:
కథలు రాస్తాను.
దాని మీద లెక్కలవాడి ఎర్ర సిరా గీత.
రెండుసార్లు కొట్టాడు. మొదటిసారి
పాళీ సరిగ్గా పారలేదేమో.
కింద అక్షరాలు ఇంకా చదవొస్తున్నాయి.

ఖననాల పుస్తకం మాత్రం
ఇవాళ తెరవకూడదనుకున్నాను. తెరిచాను.
ఆలిస్ స్క్రిమ్‌షా. 1894 ఫిబ్రవరి.
వయసు గడిలో ఏళ్లు లేవు, నెలలు లేవు,
పంతొమ్మిది రోజులు.

డోరీన్ ఒక్కో దీపమే ఆర్పుకుంటూ వస్తోంది.
సంచీలోంచి నవల తీసి
నలభయ్యో పేజీ మళ్లీ చదివాను.
ఆ వాక్యం అయ్యాక
కొత్త పేరా అయినా మొదలెట్టకుండా
ఆ వారం హెర్రింగ్ ధర ఎంత పడిపోయిందో
రాసుకుంటూ పోయింది.