రిమార్కుల గడి

చండూరు దాటినంక ఎడమకు తిరిగి
బండ్లబాట పట్టుకుని పోతే వస్తది ఆ ఊరు.
నా ఫారంలో దానికి పేరు లేదు,
నంబరుంది: పదిహేడు.

సంచిలో ఆరు సీసాలు, చేతిపార,
మీటరుకొక ముడేసిన తాడు.
గాలి పీల్చే డబ్బా వేరే. దాన్ని మోసీ మోసీ
నా కుడిభుజం కొంచెం కిందికి దిగింది.

ముందు నీళ్లు.
బోరింగు కొట్టి కొట్టి మొదటి నీళ్లు వదిలెయ్యాలె,
పైపులో నిలవున్నవి సాక్ష్యానికి పనికిరావు.
గులాబీ మందు చుక్కలేస్తే
సీసా నిమ్మపండు రంగుకు తిరిగింది.
చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు.
వాళ్లు నవ్వితే పండ్ల మీద అదే పసుపు.
నేను సీసా దిక్కే చూసిన.

మట్టిది ఇంకో తీరు.
చెల్కల పదిచోట్ల తవ్వి, కుప్పపోసి, నాలుగు పాళ్లు చేసి
ఎదురెదురు పాళ్లు రెండు పారబొయ్యాలె.
మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు,
అరకిలో మిగిలేదాక.
"మా అన్నదమ్ముల పంపకం లెక్కనే ఉంది సారూ,
ఆఖరికి నాకూ గింతే మిగిలింది" అన్నడు జంగయ్య.
గులకరాళ్లు ఏరేస్తుంటే చెయ్యి పట్టుకున్నడు:
"అవి గూడ రాసుకో. నా భూమిల అవే ఎక్కువ."

పచ్చదనం మార్కులు పైనించే వచ్చినయి.
ఆకాశంలో తిరిగేదేదో ఫోటో తీసి
పదేండ్ల కిందటికంటె ఊరు పచ్చబడ్డదని చెప్పింది.
అబద్ధం కాదు. తాడు పరిచి చూసిన:
సర్కారు తుమ్మ, సర్కారు తుమ్మ, వయ్యారిభామ,
మూలకు బిక్కుబిక్కుమంటూ ఒక్క గునుగు.
దున్నేటోళ్లు లేక బీడుపడ్డ పదిహేనెకరాలు
అంత ఎత్తునుంచి తోటలెక్కనే కనబడతయి.
తంగేడేదని అడిగితే
జంగయ్య గుట్టదిక్కు చెయ్యి లేపి, మళ్లీ దించుకున్నడు.

గాలిడబ్బాకు ఒక దినం ఒక రాత్రి కరెంటు కావాలె.
ఊరంతా అడిగితే ఈదమ్మ ఒక్కతే మిద్దె ఇచ్చింది.
తూచిన తెల్లకాగితం లోపల బిగించి
బడి వరండాలో పండుకున్న.

తెల్లారి తీసి చూస్తే
కాగితం అనుకున్నంత నల్లబడలేదు.
గుట్టవతల కంకర మిషను, ఇవతల ఇటుకబట్టీ,
ఇంత తక్కువెట్లొస్తది?
ఈదమ్మ గడపల కూసోని, వంగని మోకాళ్లు చాపి,
నిన్నటి జొన్నరొట్టె నీళ్లల్ల నానేసుకుంటున్నది.
"పొయ్యి ముట్టియ్యలే కొడుకా,
నా కట్టెల పొగ నీ లెక్కల కలుస్తదని.
ఎదురింటోళ్లకు గూడ చెప్పిన."

నీళ్లకు రెండు, మట్టికి నాలుగు,
గాలికి ఏడు, పచ్చదనానికీ ఏడు.
కలిపి నాలుగుతోని భాగిస్తే అయిదు.
అయిదుకు ఎదురుగ అచ్చేసి ఉంది: మధ్యస్థం.

అడుగున అగ్గిపెట్టంత గడి, రిమార్కులకు.
"ఆ రోజు రెండిండ్లల్ల వంట కాలేదు" అని రాసిన.
ఆఫీసుల కొట్టేస్తరు, తెలుసు.
అందుకే పెన్ను గట్టిగ ఒత్తిన,
కార్బన్ కింద కాపీ మీద గూడ పడేటట్టు.