తోక జాడింపు

ముట్టుకాడు వంతెన దిగేచోట
ఎనభై దాటిందంటే
తోక జాడిస్తుంది నా పాత ఎర్ర కూపే.

టైర్లు మార్చాను. అలైన్‌మెంట్ రెండుసార్లు.
సముద్రపు గాలినీ తిట్టాను.

పుదుపేటలో మస్తానయ్య బానెట్ ఎత్తనే లేదు.
"జడుసుకుని కాలు తీసేస్తావు గదా, అప్పుడేనా?"
అవునన్నాను, దొంగలా.

గోనెపట్టా పరుచుకుని వెనక్కి దూరాడు.
గడ్డపార కొస ఆనించి ఓ చిన్న నెట్టు.
చక్రం వేలెడు పక్కకి జరిగి
మళ్ళీ ఏమెరగనట్టు నిలబడింది.

నా అరచేతిలో పెట్టాడు రబ్బరు బుష్షు:
ఎండిన ఉసిరికాయంత, నిలువునా పగిలి.
"రెండోవైపు?"
"దాన్నీ అడగాల."

నాలుగొందలు, ఒక టీ.

ఆ సాయంత్రం వంతెన మీంచి
బండి గీత గీసినట్టు దిగింది.
ఎనభై దగ్గర
లేచిపోయింది నా కుడికాలు,
ఎవరూ నెట్టకుండానే.