తే అనే అక్షరం

విడవలూరు హైస్కూలు, ఏడో పీరియడు.
కిటికీ అవతల రొయ్యల గుంటలు,
గుంటల్లో ఏరేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి.
ఆ మోతను దాటాలని గొంతు పెంచి చెబుతున్నాను:
ఇఫ్ అంటే సందేహం,
వెన్ అంటే ఖాయం.
బోర్డు మధ్యలో గీత గీసి
అటొకటి, ఇటొకటి.

మన నోట్లో ఆ గీత లేదు.
వాన పడితే, పొద్దు గూకితే,
రెంటికీ ఒకటే తే.
పొద్దు గూకడంలో అనుమానం దేనికి?
అయినా అంటాం
పొద్దు గూకితే దోమలని.

ఉదాహరణ ఇచ్చాను: కరెంటు పోతే దీపం పెడతాను.
ఇఫ్ఫా? వెన్నా?
వెన్నా అనగానే ముందు బెంచీ కిసుక్కుమంది.
చివరి బెంచీలోంచి మస్తాన్ వలి లేచాడు.
"పోతే ఏంది సార్, పోతాది గదా!
రాత్రి రెండింటప్పుడు పోయింది.
మేం జనరేటర్ తిప్పేలోపు
రొయ్యంతా పైకొచ్చేసింది."
పుస్తకం ప్రకారం ఇఫ్,
విడవలూరు ప్రకారం వెన్.
రెంటికీ మార్కులేస్తానన్నాను.

ఇంకో సూత్రం:
ఈ రెండు మాటల వెనక విల్ రాదు.
చెప్పేది రేపటి సంగతైనా సరే
ఇవాళ్టి క్రియే రాయాలి.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగుంటే నా దగ్గరా జవాబు లేదు.

సాయంత్రం నోటుపుస్తకాలు దిద్దుతుంటే
ఏకొల్లు చెంగమ్మ వాక్యం:
ఇఫ్ నాన్న ఇంటికొస్తే చేపల పులుసు.
ఇఫ్ కొట్టేసి ఎర్రసిరాతో వెన్ రాశాను.
నాన్నన్నాక ఇంటికి రాడా!

మర్నాడు పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరే నిలబడింది.
"మా నాయన గుంట కాడ కాపలా సార్.
పట్టుబడి అయ్యేదాకా రాడు."
అట్లయితే అన్‌టిల్ వాడమ్మా, అన్నాను,
కొత్త మాట నేర్పిన గర్వంతో.
"అన్‌టిల్ అంటే?"
అయ్యేదాకా.
"అయితీరతాదనా సార్?
పోయినసారి తెల్లమచ్చ తగిలి
పట్టుబడే లేకుండా పోయింది.
ఓనరు జీతం ఆపేశాడు.
నాయన మళ్ళీ మొదటినుంచి కాపలా."

పదకొండేళ్ళుగా నేనూ కాంట్రాక్టు మాస్టర్నే.
పర్మినెంటు అయితే ఇల్లు మారదాం,
పర్మినెంటు అయితే నీ పంటికి వైద్యం,
అంటూనే ఉన్నాను మా ఆవిడతో.
అది ఏ తే అని
ఆమె ఒక్కసారీ అడగలేదు.
ఆ పన్ను మొన్న వేసవిలో
దానంతటదే ఊడిపోయింది.

ఎర్రసిరా చెరపడానికి రబ్బరు లేదు.
కొట్టేసిన ఇఫ్ కింద చుక్కలు పెట్టి
ఉండనీ అని రాసిచ్చాను.
చెంగమ్మ అది చూసుకుని
అక్కడే, నిలబడే, పెన్సిలుతో
ఇంకో వాక్యం రాసి చూపించింది:

వెన్ కరెంటు పోతాది, నాయన పరిగెత్తుతాడు.

అంతా ఇంగ్లీషులోనే రాసింది,
రన్స్‌కి ఎస్ మరిచిపోకుండా.
విల్ ఎక్కడా లేదు.
తప్పు వెతికాను కాసేపు, అలవాటు కొద్దీ.

టిక్కు పెడుతుండగా
కిటికీ అవతల ఏరేటర్లు ఆగిపోయాయి.
క్లాసు మొత్తం అటు తిరిగింది.